తోడల్లుడి తోలుపట్టీలు

భార్య బొటనవేలు మెడ వెనక నరం మీద ఆగి ఆగి కదులుతోంది. రోజూ పొద్దున్నే ఆయన మెడకు నూనె రాయడం ఆమెకు పొయ్యి వెలిగించడం లాంటి పని. ఆయన పీట మీద కూర్చుని, తల వంచి, కళ్ళు మూసుకుని, ఆ రోజు పెళ్ళిలో ఎక్కడ నిలబడితే వెలుగు బాగుంటుందో ఆలోచించుకుంటున్నాడు.

ఆయన పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాడు. మెడలో రెండు కెమెరాలు, కుడి భుజానికి లెన్సుల సంచి, ప్యాంటు జేబుల్లో బ్యాటరీలు. వంగినప్పుడల్లా రెండు కెమెరాలూ ఒకదాన్నొకటి పొడుచుకుని టంగుమంటాయి. మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది కాబట్టి హాళ్ళలో అందరూ ఆయన్ని గంటలాయన అంటారు. ఆ పేరు ఆయనకు నచ్చదు. కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళే పని ఇస్తారు గనక పలుకుతాడు.

"బావకి మెడనొప్పంటే ఏంటో తెలీదట, అక్క చెప్పింది," అంది భార్య. "పెళ్ళి నుంచి ఇంటికొచ్చాక కూడా పిల్లల్ని భుజాలెక్కించుకుని తిప్పుతాడట."

మెడ కర్రలా బిగుసుకుంది. అప్పటిదాకా రాసిన నూనె దండగైంది.

బావంటే ఆమె అక్క మొగుడు, ఈయనకు తోడల్లుడు. తోడల్లుడవడమే చాలదన్నట్టు ఆయనదీ ఫొటోల పనే. ఈమధ్య రెండు భుజాల మీదుగా వెళ్ళి వీపు మీద కలిసే నల్లటి తోలుపట్టీలు వేసుకుని వస్తున్నాడు. వాటి చివర కొక్కేలకు నడుముకు అటొకటి, ఇటొకటి కెమెరాలు వేలాడుతుంటాయి. కావలసినప్పుడు చెయ్యి కిందికి పోతుంది, కెమెరా పైకి వస్తుంది. సంచీ లేదు, చప్పుడూ లేదు. హాళ్ళలో ఆయన్ని పిస్తోలు అంటున్నారు. గంటలాయనకు పట్టీల కన్నా ఆ పేరు మీదే ఎక్కువ కడుపుమంట.

ఆ రోజు పెళ్ళి మామూలుది కాదు, హాలు యజమాని కూతురిది. పెళ్ళికూతురి తరఫున ఈయన, పెళ్ళికొడుకు తరఫున తోడల్లుడు. ఇద్దరిలో ఎవరి పని నచ్చితే వాళ్ళకే ఇకమీద ఆ హాల్లో జరిగే పెళ్ళిళ్ళన్నీ అని యజమాని ముందే చెప్పాడు. ఆమధ్య గంటలాయన భుజం మీది సంచి జారి గుమ్మం పక్కన పూలకుండీని పగలగొట్టినప్పుడు ఆయనే ఇంకో మాట కూడా అన్నాడు. "ఫొటోలు బాగానే తీస్తావయ్యా. నువ్వు నడుస్తుంటేనే సామాన్ల బండి పోతున్నట్టుంటుంది."

"ఆ పట్టీల సంగతే చెబుదామని..." అంది భార్య, చేతులు తుడుచుకుంటూ.

"ఆయన పట్టీలతో నాకేం పని?"

"ఆయనవి కాదండీ, అసలవి..."

"పొద్దున్నే బావ పురాణం వద్దన్నానా."

ఆమె లేచింది. వరండాలో మిషను ముందు కూర్చుని, ఎవరిదో బడిసంచికి తెగిన పట్టా కుట్టడం మొదలుపెట్టింది. ఆ వీధిలో సంచులన్నీ ఆమె చేతిమీదుగానే బాగుపడతాయి. గంటలాయన తన సామానంతా తగిలించుకుని టంగుటంగుమంటూ బయలుదేరాడు.

హాలుకు కుడివైపు వెళ్ళాలి. కాళ్ళు ఎడమవైపు, తోడల్లుడి ఇంటికి వెళ్ళాయి. ఊరికే ఒకసారి చూసి వద్దామనుకున్నాడు. అడిగి చూడాలంటే ఓడిపోయినట్టు, అడక్కుండా చూస్తే పరిశీలించినట్టు.

వదిన తలుపు తీసింది. ఆయన బ్యాటరీ చార్జరు కోసం వచ్చానన్నాడు. తోడల్లుడు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడట. పెళ్ళికొడుకే ఇంకా తయారయ్యుండడు, వీడికేం తొందరో అని లోపల ఒక మంట లేచింది. వదిన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తలుపు వెనక మేకుకు పట్టీలు వేలాడుతున్నాయి.

సామాను దించి, ముందు పట్టీలను ముట్టుకుని చూశాడు. తర్వాత జానతో కొలిచాడు. కొలత తీసుకోవాలంటే ఒంటిమీద చూసుకోవడమే న్యాయమని తోచి, చొక్కా విప్పి బనీను మీదే చేతులు దూర్చాడు. వీపు మీద పట్టీలను కలిపే బిళ్ళ పడాలంటే వెనక ఒక మనిషి ఉండాలి. ఎవరూ లేరు కాబట్టి గోడకు ఆనుకుని నొక్కాడు. టక్కుమని పడింది.

ఎంత హాయిగా ఉందంటే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. కొలిచి కుట్టినట్టు భుజాల మీద కూర్చున్నాయి. తోడల్లుడు ఒళ్ళున్న మనిషి, చంకల్లో బిగుతుగా ఉందని ఎప్పుడూ సణుగుతుంటాడు. హాయి కూడా అర్హత లేనివాళ్ళకే దొరుకుతుందనుకున్నాడు.

అప్పుడు వంటింట్లోంచి గ్లాసుల చప్పుడు దగ్గరైంది. బిళ్ళ విప్పుదామని చెయ్యి వెనక్కి పెట్టాడు. అందలేదు. పై నుంచి ప్రయత్నించాడు, కింద నుంచి ప్రయత్నించాడు. ఆ పట్టీలు వేసుకోవడానికి గోడ సరిపోతుంది, విప్పడానికి మాత్రం పెళ్ళాం కావాలి. వదిన గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన చొక్కాను పట్టీల మీదుగా తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, కొక్కేలు జేబుల్లో కుక్కుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏంటి మరిదిగారూ, ఇవాళ ఇంత నిటారుగా కూర్చున్నారు?" అంది వదిన.

మెడ కొంచెం తేలికపడిందని చెప్పి, వేడి టీ ఒక్క గుక్కలో మింగి, చార్జరు మర్చిపోయి బయటపడ్డాడు. ఇంటికి వెళ్ళి విప్పించుకోవచ్చు. కానీ విప్పే మనిషి ఇవెక్కడివని అడుగుతుంది. నేరుగా హాలుకు వెళ్ళాడు. చొక్కా లోపల ప్రపంచంలోకెల్లా సుఖమైన పట్టీలు, చొక్కా మీద మామూలుగానే మెడకు రెండు కెమెరాలు, భుజానికి సంచి. దొంగసొత్తు బయటపెట్టి వాడుకోలేడు కదా.

కాసేపటికి తోడల్లుడూ వచ్చాడు, టంగుటంగుమంటూ. పట్టీలు ఎక్కడా కనబడక, పాత మెడతాళ్ళు ఏమన్నా ఉన్నాయేమోనని గంటలాయన ఇంటికే పరుగెత్తితే, మరదలు ఇంట్లో ఉన్నవి వెతికి ఇచ్చిందట. మెడలో రెండు కెమెరాలతో నడుస్తుంటే పెద్ద బండిని లాగే ఎద్దులా ఉన్నాడు.

గంటలాయన సంతోషించాలి. సంతోషించబోయాడు కూడా. ఇంతలో పెళ్ళికొడుకు స్నేహితులు తోడల్లుణ్ణి చూసి నవ్వుతూ, "గంటలాయన వచ్చాడు, సర్దుకోండర్రా," అన్నారు. తోడల్లుడు వాళ్ళతో కలిసి నవ్వి, కెమెరాలు రెండూ కావాలని ఇంకోసారి మోగించాడు. హాలంతా పగలబడి నవ్వింది. ఇన్నేళ్ళుగా తాను మోసిన పేరు. తాను పలికితే ఒక్కడూ ఇంత ముచ్చటగా నవ్వలేదు. ఇప్పుడు అది కూడా పిస్తోలుకే పోయింది.

ఆ ఉక్రోషంతోనే అందరికంటే మంచి ఫొటో తీయాలని వేదిక ఎక్కాడు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, యజమాని దంపతులు పూల పరదా ముందు నిలబడి ఉన్నారు. పక్కనుంచి తీస్తే నలుగురి ముఖాల మీదా వెలుగు పడుతుంది. పరదా అంచున ఒరుసుకుంటూ వెళ్ళి మోకాలి మీద కూర్చున్నాడు. జేబులోంచి కొక్కెం ఒకటి బయటికి జారి పరదా తాడును పట్టుకుంది. ఆయన ఫొటో తీసి లేచాడు. తాడు రానంది. ఆయన గట్టిగా లాగాడు.

పరదా వచ్చింది. దానితోపాటు దాన్ని మోస్తున్న కర్ర, పూలు, దీపాల తీగ అన్నీ వచ్చి నలుగురి మీదా పడ్డాయి. అదే ఊపుకు చొక్కా గుండీలు తెగి, ఒకటి వెళ్ళి బ్యాండువాళ్ళ డ్రమ్ము మీద పడింది. పరదా కిందనుంచి యజమాని గొంతు, ముందు అమ్మాయిని బయటికి తీయమంది. అమ్మాయిని తీశారు. తర్వాత అందరూ గంటలాయన వైపు చూశారు. తెరుచుకున్న చొక్కాలో నల్లటి తోలుపట్టీలు నిగనిగలాడుతున్నాయి.

తోడల్లుడు దగ్గరికి వచ్చాడు. గంటలాయన చెంప మీద పడబోయే దెబ్బకు సిద్ధమై కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. తోడల్లుడు పట్టీని లాగి చూసి, భుజం మీద చెయ్యి వేసి చూసి, అవి తనవేనన్న అనుమానమే రాక చిన్నబోయిన ముఖంతో నిలబడ్డాడు.

"అయితే మరదలు నీకూ కుట్టిందన్నమాట. నాకు చంకల్లో కోస్తుంటే, నీకు చూడు, అచ్చు పోసినట్టు కుట్టింది. పైగా నీకు తోలు కూడా తనే వేసుంటుంది. నా దగ్గరైతే తోలు డబ్బులు తీసుకుంది. మొగుడికో కుట్టు, బావకో కుట్టూనా తమ్ముడూ?"

గంటలాయనకు పరదా ఇంకోసారి, ఈసారి తన ఒక్కడి మీదే పడినట్టయింది.

యజమాని జుట్టులో పూలతోనే వచ్చి పట్టీని రెండు చేతులతో లాగాడు. కర్రతో సహా పరదా ఊడింది, పట్టీకి ఒక్క కుట్టు కూడా వదల్లేదు. డ్రమ్ములు మోసి మోసి తన బ్యాండువాళ్ళు వారానికొకరు నడుం పట్టుకుని సెలవు పెడుతున్నారని, ఇది కుట్టినావిడ ఎవరో వెంటనే పంపించమని అన్నాడు. ఫొటోల సంగతి అడిగితే, "ఇద్దరూ గంటలే కదయ్యా. మోగించడానికి నాకు బ్యాండు ఉండనే ఉంది," అన్నాడు.

ఆ కబురు తోడల్లుడి ఫోను నుంచి వదినకు, వదిన నుంచి చెల్లెలికి, గంటలాయన కంటే ముందే ఇల్లు చేరింది. ఆయన వచ్చేసరికి భార్య జడ వేసుకుని, చెప్పుల దగ్గర నిలబడి, కొలత టేపు చుట్టుకుంటోంది.

"బావకి కుట్టావా?" అన్నాడు గుమ్మంలోనే. "నాకు మెడ విరుగుతుంటే, బావకి కుట్టిచ్చావా?"

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మీకే కుట్టా. పొట్లం కూడా విప్పలేదు మీరు. పట్టా కొస కనబడితే, 'ఇదేంటి, జీనా? నేను గుర్రాన్నా?' అని అటక మీదికి విసిరేశారు. ఏడాది చూసి, అక్క అడిగితే ఇచ్చా."

ఆయనకు అటక గుర్తొచ్చింది, పొట్లం గుర్తొచ్చింది. గుర్రం మాట తానే అన్నట్టు లీలగా గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి వీపు చూపించాడు. బిళ్ళ విప్పమన్నట్టు.

టేపు సంచిలో పడిన చప్పుడైంది. చెప్పుల చప్పుడైంది. గేటు పడింది. ఆయన తిరిగి చూసేసరికి వీధి మలుపులో ఆమె జడ కొస మాత్రం కనిపించింది.

పట్టీలు ఇంకా వీపు మీదే ఉన్నాయి, ఎక్కడా వెంట్రుకవాసి కూడా బిగుతు లేకుండా.