రిబ్బను బ్యాడ్జీ పెత్తనం

కోవిల్‌పట్టి లక్ష్మణసామి ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. విరుదునగర్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాలి. కూతురు సంగవికి వచ్చిన సంబంధం కుమారవేల్ కూడా ఆ పెళ్ళికి వస్తాడు. అతన్ని చాటుగా గమనించి రావాలి.

"నాయ్నా, ఆయన పనిలో చెయ్యేస్తాడా, సుమ్మా ఊరికే కూర్చోని తింటాడా, అది చూసి రా. కూర్చునే మనిషైతే నాకొద్దు. నువ్వెవరో మాత్రం చెప్పొద్దు," అంది సంగవి.

"ఫోటో చూసుకోని పోరాదా?" అంది భార్య నాగమ్మాళ్.

"ఫోటోలో అందరూ మంచోళ్ళేమే!" అని బస్సెక్కేశాడు మహానుభావుడు. కళ్ళజోడు ఇంట్లోనే మరిచాడు.

మండపం గుమ్మంలో ఒక పిల్ల ఆయన నెరిసిన మీసం చూసి పెళ్ళివారి పెద్ద అనుకుంది పాపం. చొక్కాకు ఎర్ర రిబ్బను బ్యాడ్జీ గుచ్చింది. దాని మీద 'ఆహ్వాన సంఘం' అని అరవంలో ఉంది. ఆయనకు అక్షరాలు ఆనలేదు గానీ, అసలీ బ్యాడ్జీ ఎలా పుట్టిందా అన్న ఆలోచన పట్టుకుంది. తాతల కాలంలో ఏ దొడ్డిదో తెలియడానికి ఎద్దుకు వాత పెట్టేవారు. మనిషికి వాత పెడితే ఊరుకోడు కనక పిన్నీసు కనిపెట్టి ఉంటారని తేల్చుకున్నాడు. ఈలోగా బ్యాడ్జీ చూసినవాళ్ళంతా పెద్దన్నను పిలిచినట్టు పిలుస్తూ ఆయన్ను చుట్టుముట్టారు.

"అన్నాచ్చి, బస్సులో వచ్చినోళ్ళకు కాపీ లేదే!"

"అన్నాచ్చి, వంటాయన కోపం చేసుకోని పోతాండాడు!"

'పెళ్ళి పెద్దను నేను కాదు' అంటే, 'మరి నువ్వెవరు' అంటారు. చెప్పకూడనిది అదే కదా! గత్యంతరం లేక కాఫీ పంపించాడు, వంటాయనను బుజ్జగించాడు. మధ్యాహ్నానికి పెత్తనం తలకెక్కింది. స్తంభం పక్కనున్న కుర్రాణ్ణి పట్టుకున్నాడు.

"ఏం తంబీ, సుమ్మా నిలబడుకోనుండావు? సాంబార్ బకెట్ ఎత్తు!"

కుర్రాడు ఎత్తాడు. ఆఖరి బంతి లేచేదాకా వడ్డించాడు, ఎంగిలాకులూ తీశాడు. లక్ష్మణసామి ముచ్చటపడి పేరడిగాడు.

"కుమారవేల్, మామా."

ఆనందంలో గుట్టు గాలికెగిరిపోయింది. "నేను సంగవి నాయన్నప్పా!"

కుమారవేల్ బొబ్బలెక్కిన అరచేతులు చూసుకున్నాడు. "సరి మామా. ఆ బ్యాడ్జీ నాకిస్తారా?"

జ్ఞాపకంగా దాచుకుంటాడు కాబోలని మురిసిపోయి ఇచ్చేశాడు.

మరుసటి శుక్రవారం కుమారవేల్ బంధువులతో పెళ్ళిచూపులకు వచ్చాడు. చొక్కా మీద ఎర్ర రిబ్బను.

"ఏం మామా, సుమ్మా నిలబడుకోనుండారు? బస్సులో వచ్చినోళ్ళకు కాపీ లేదే!"

తలుపు వెనక సంగవి పక్కున నవ్వింది. సంబంధం ఖాయమని అందరికీ తెలిసిపోయింది. లక్ష్మణసామి కళ్ళజోడు పెట్టుకుని, బ్యాడ్జీ మీది అక్షరాలు నిదానంగా చదివి, కాఫీ పళ్ళెం కోసం వంటింట్లోకి నడిచాడు.