నీళ్లగంట మోతకు నా మద్దతు

2006 ఆగస్టు ఆరు, ఆదివారం. మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి తిని వరండాలో నడుం వాల్చాను. కన్ను మూతపడిందో లేదో, మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక్కసారే గంటలు మోగాయి.

నా నిద్ర చెడింది. అందుకే చెబుతున్నాను, పగటి నిద్ర చెడగొట్టే పిల్లలకు ఈ రాష్ట్రంలో శాలువాలు కప్పాలి!

నవ్వకండి. మాది ఎర్రగుంట్ల. సిమెంటు దుమ్ము ఇక్కడ రోజూ ఠంచనుగా వస్తుంది. కుళాయి నీళ్లు మాత్రం వంతు ప్రకారం వస్తాయి. మా వీధి వంతు ఏ రోజో అందరికీ తెలుసు. ఆ రోజు ఏ వేళకు వస్తాయో ఎవరికీ తెలియదు. బిందెలు వరసలో పెట్టి, కుళాయి మూతికేసి చూస్తూ కూర్చోవడంలోనే సగం ఆయుష్షు గడిచింది.

ఈ తపస్సుకు పిల్లలు భంగం కలిగించారు. హైస్కూల్లో ఉదయశ్రీ అనే సైన్సు టీచరమ్మ ఉంది. బడి వదిలాక ఆరు, ఏడు తరగతుల పిల్లల చేత వస్తువులు తయారు చేయిస్తుంది. బడికి కంప్యూటర్లు కూడా ఉన్నాయి. వాటికి దుమ్ము పడకుండా, పిల్లల చెయ్యి తగలకుండా గదికి తాళం వేశారు. సాంకేతిక విద్యను అంత భద్రంగా దాచిన బడి మరొకటి ఉంటుందా? పాపం, ఆమె బడి వరండాలో కూర్చుని, పాత రేడియోలు, తీగముక్కలతో సరిపెట్టుకుంది.

నెల తిరిగేసరికి నీళ్లగంట పుట్టింది. కుళాయి కింద బక్కెట్టు, అందులో రెండు తీగలు. నీళ్లు తగిలితే గంట మోగుతుంది. నీళ్లలో ఉప్పు ఉంటే ఇంకా బాగా మోగుతుందట. మంచినీళ్లున్న ఊళ్లలో పిల్లలు ఉప్పు కొని కలపాలి! మనకు ఆ బాధ లేదు. దేవుడు కలిపే పంపుతున్నాడు.

ఎవరింట్లో దొరికిన మోత వాళ్లది. ఇమాం బాషా కూతురు శిరీన్ కోయిల కూసే కాలింగ్ బెల్లు పెట్టింది. అజయ్ ఏడ్చే బొమ్మను పెట్టాడు. మొదటిసారి అది ఏడ్చినప్పుడు వాళ్ల అవ్వ పుల్లమ్మ అటక మీది ఊయల దించబోయింది. మా ఇంటికి పిల్లలే ఒక పాత అలారం గడియారం తెచ్చి బిగించారు. మా ఆవిడ పోయినప్పటి నుంచి "లెయ్యండి, నీళ్లొచ్చినాయి" అని పిలిచే గొంతు మా ఇంట్లో లేదు. ఈ గడియారానికి కోపం కాస్త ఎక్కువే. అయినా పిలుపు పిలుపే కదా!

ఇన్ని లాభాలున్న మోత మీద ఒక పెద్దమనిషికి కోపం వచ్చింది. ఆయన మా వార్డు పెద్ద ఓబులేసు. రెండు లారీలున్న మనిషి. టీచరమ్మ వరండా క్లాసుకు రిబ్బను కత్తిరించిందీ ఆయనే, "మొదటి గంట మా ఇంట్లోనే పెట్టాల" అని మైకులో చెప్పిందీ ఆయనే. ఏడో తరగతి చదివే ఆయన కూతురు సుచరిత తండ్రి మాట నిలబెట్టింది. లారీ వెనక్కి వచ్చేటప్పుడు పాడే హారను తెచ్చి, ఇంటి సంపులోకి నీళ్లు పడే పైపు మూతికే తీగలు బిగించింది.

మొన్న మంగళవారం సాయంత్రం ఓబులేసు మా వరండాకు వచ్చాడు.

"సార్, ఈ మోతతో శానా ఇబ్బందిగా ఉండాది. పిల్లోళ్ల సదువు చెడిపోతాండాది. ఆ క్లాసు మూయించాల. రేపు హెడ్మాస్టరు కాడికి పోదాం. నువ్వు సదువుకున్నోడివి, నాలుగు మాటలు చెప్పల్ల."

ఆయన మాటకు హెడ్మాస్టరు ఎదురు చెప్పడు. ఒక్క మాటతో ఆ బడి వరండా ఖాళీ అయిపోతుంది. నేను మెల్లగా అడిగాను.

"మోత ఏ రోజుల్లో ఎక్కువగా ఉంటుందప్పా?"

ఆయన నోరు తెరిచేలోపే ఆయన ఇంట్లోంచి జవాబు వచ్చింది. లారీ వెనక్కి వస్తున్న పాట!

మంగళవారం మా వీధి వంతు కాదు. నా గడియారం పలకలేదు. కోయిల కూయలేదు. బొమ్మ ఏడవలేదు. లారీ ఒక్కటే ఆగకుండా వెనక్కి వస్తూనే ఉంది.

పుల్లమ్మ చంకకో బిందెతో బయటికి వచ్చింది. "ఏమప్పా ఓబులేసూ, మీ ఇంట్లో నీళ్లొచ్చినట్టుండాయే?"

"యాడొచ్చినాయవ్వా. పిల్ల ఆడుకుంటాండాది."

"అట్నా. అయితే మేమూ రెండు బిందెలు ఆడుకుంటాం, పద."

వీధంతా ఆమె వెనకాలే కదిలింది. మేం వెళ్లేసరికి సుచరిత గేటు బార్లా తీసి, మొహం వెలిగిపోతుండగా నిలబడి ఉంది.

"నాయనా, వంతు లేని రోజు కూడా పనిచేస్తాండాది సూడు. రేపు టీచరుకు చెప్పల్ల."

ఇమాం బాషా బిందె నింపుకుంటూ, "ఎనకాల ఎవురుండారో సూసుకోని రివర్సు కొట్టల్ల గదన్నా" అన్నాడు.

రేపు హెడ్మాస్టరు దగ్గరికి పోదామన్న మాట ఓబులేసు మళ్లీ ఎత్తలేదు.

నిజం చెప్పాలంటే, నాకూ ఒక ఫిర్యాదు ఉంది. అది మోత మీద కాదు. ఒకే వీధి, ఒకే పైపు, ఒకే పన్ను. గంటలు మోగితే అన్నీ కలిసి మోగాలి. ఒక్క గంటే ఎందుకు మోగుతోందో పెద్దలు చెబితే వినాలని ఉంది. ఏడో తరగతి పిల్లలు బయటపెట్టిన తప్పును సరిచేయడానికి ఎంత చదువు కావాలి?

ఆ రాత్రి బిందెలన్నీ నిండాయి. మా వీధిలో తలుపులు ఎప్పటిలాగే కిర్రుమంటూ, దభాలుమంటూ పడ్డాయి. చివర ఓబులేసు బయటికి వచ్చి, వీధి అటూ ఇటూ చూసి, తన తలుపు మెల్లగా దగ్గరికి వేసుకున్నాడు.

ఆయనకు చప్పుడంటే పడదు కదా.