డైరెక్టరు గారి కడుపు నిమిత్తం

"తూనికలు కొలతల కార్యాలయ సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, డైరెక్టరు గారి కడుపు నిమిత్తం ఆరోగ్యవంతమైన మలం అత్యవసరంగా కావలెను. ఆసక్తి గలవారు హెడ్ క్లర్కును సంప్రదించవలెను."

ఈ నోటీసు చదివి ఎవరూ నవ్వలేదు. నవ్వే విషయం కాదు మరి. దగ్గుకని వాడిన ఘాటు మందులు డైరెక్టరు గారి పేగుల్లోని మంచి క్రిముల్ని కూడా ఊడ్చిపెట్టేశాయి. రెండు నెలలుగా ఆయన రోజుకు పదిహేనుసార్లు వెళ్తున్నారు. మనిషి సగమయ్యారు. ఇక మందులు పనిచేయవనీ, ఆరోగ్యవంతుడి మలాన్ని వడకట్టి గొట్టంతో పేగులోకి ఎక్కిస్తే మంచి క్రిములు మళ్లీ కాపురం పెడతాయనీ, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పనీ ఎదురుగా ఉన్న ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది.

సాయంత్రానికల్లా నలభై రెండు దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఆయన కోసం ప్రాణమైనా ఇస్తామని ఇన్నాళ్లూ అన్నవాళ్లకి ఇంత చవగ్గా బయటపడే అవకాశం మళ్లీ వస్తుందా? హెడ్ క్లర్కు తన డబ్బాకు సీలు వేసి, నికర బరువు ధ్రువపత్రం జతచేశాడు. మా ఆఫీసులోనే పనిచేసే డైరెక్టరు గారి బావమరిది మాత్రం "మా వంశంలో అజీర్తి అన్న మాటే లేదు" అని ప్రసంగించాడు. పరీక్షలో అందరూ తప్పారు. కొందరికి పుండ్లు, కొందరికి పురుగులు, బావమరిదికి రెండూ.

"మీ ఆఫీసులో ఇంకెవరూ లేరా?" అంది డాక్టరమ్మ. అప్పుడు గుర్తొచ్చాడు, పదకొండేళ్లుగా మా మరుగుదొడ్లు కడుగుతున్న మనిషి. మేం బకెట్టు అని పిలుస్తాం. పరీక్షలన్నీ నెగ్గాడు.

ఒక చిక్కు మిగిలింది. సరుకు గంటలోపు ఆసుపత్రికి చేరాలి. అతని ఇల్లు రెండు బస్సుల దూరం. ఆఫీసులోనే కానిద్దామంటే, మరుగుదొడ్డి తలుపు మీద డైరెక్టరు గారు స్వయంగా సంతకం చేసి పెట్టించిన బోర్డుంది: "సిబ్బందికి మాత్రమే. శుభ్రం చేయువారు వాడరాదు."

"మరి ఇన్నేళ్లూ ఎక్కడికి వెళ్తున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది. అతన్ని 'మీరు' అంది, కొత్త కదా.

"బస్టాండుకండీ. లేకపోతే బిగబట్టుకోవడమేనండి. అలవాటైపోయింది."

ఎంత క్రమశిక్షణ గల పేగులో చూడండి! వెంటనే ఉత్తర్వు వెలువడింది: "సదరు వ్యక్తిని ఒక్క పర్యాయం, కార్యాలయ ప్రయోజనార్థం మాత్రమే, చివరి గదిలోకి అనుమతించడమైనది." పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేశారు. అతని పేరు ఎవరికీ తెలియదు, పదకొండేళ్ల తర్వాత అడిగితే బాగుండదు. దీని మీదా డైరెక్టరు గారే సంతకం చేశారు. అతను డబ్బాతో బయటికి రాగానే వరండాలో అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఆ గదిని ఫినాయిలుతో రెండుసార్లు కడిగించాం. అతని చేతే.

డైరెక్టరు గారు లేచి తిరిగారు. ఆ నెలలోనే సభ పెట్టించారు. "మిత్రులారా! నేడు నా పేగుల్లో ఒక శ్రామికుడు కొలువై ఉన్నాడు! మనుషులంతా ఒక్కటేనని నా కడుపే సాక్ష్యం!" అని గంటంపావు మాట్లాడారు. మాకు కళ్లు చెమర్చాయి. ఆ శ్రామికుణ్ణి వేదిక మీదికి రమ్మన్నారు. లేడు. బస్టాండుకి వెళ్లాడట.

మాకు ఒళ్లు మండిపోయింది. అంత పెద్దాయన సమానత్వం గురించి మాట్లాడుతుంటే, కాసేపు బిగబట్టుకోలేడా?