అడగకూడని ఉపవాసం

ఆ సోమవారం మొదటి షిఫ్టుకు వెళ్ళేముందు ఇడ్లీలు తినకూడదని కొర్నేలి తీర్మానించుకున్నాడు. అంతకు మించిన ఆలోచన ఏమీ లేదు. ఈ రోజు ఇడ్లీలు మానడం, రేపు ఉప్మా మానడం, ఇలా ఎనిమిది వారాలు గడిస్తే ఒంట్లోంచి ఆరు కిలోలు దిగిపోతాయి. తన క్రేను తనకుంటుంది.

కొర్నేలి భిలాయి ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో క్రేను ఆపరేటరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నలభై అడుగుల ఎత్తున గాజు క్యాబిన్‌లో కూర్చుని, కింద ఎర్రగా కాలే ఇనుప పలకల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరుస్తున్నాడు. రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్ళుంది. మొన్న శనివారం ఏడాదికోసారి జరిగే వైద్య పరీక్షలో డాక్టర్ సుభాష్ ఆయన పొట్ట చుట్టూ టేపు పెట్టి నలభై నాలుగు అంగుళాలన్నారు, బీపీ చూసి పెదవి విరిచారు. ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం చేయకుండా, ఎనిమిది వారాల్లో మారి రమ్మన్నారు. లేకపోతే క్రేను దిగాలి. దిగితే టూల్ స్టోరులో కూర్చుని ఎవరు ఏ స్పానరు పట్టుకెళ్ళారో రిజిస్టరు రాసుకోవాలి. ఆ స్టోరుకు ఇప్పుడు రాజేశ్ పెద్ద. అతనికి క్రేను నేర్పింది కొర్నేలే.

డాక్టరు ఇంకా చాలా చెప్పారు. పొట్టలో పేరుకున్న కొవ్వు గురించి, తిన్నదానికీ ఖర్చయినదానికీ ఉండాల్సిన పొంతన గురించి, నడక గురించి. కొర్నేలి చెవికెక్కింది మాత్రం తూకం యంత్రం చూపించిన తొంభై ఆరు. ఆయన ఉద్యోగమంతా క్రేను పక్కన పసుపు రంగుతో రాసిన టన్నుల లెక్క మీదే నడిచింది. అంతకు మించితే గంట మోగుతుంది, బరువు దించాలి. ఒళ్ళు కూడా అంతేననుకున్నాడు. తొంభైకి దించాలి అని ఆ లెక్క తనే వేసుకున్నాడు. డాక్టరు మీద, టేపు మీద, తన పొట్ట మీద కోపం పెట్టుకుని, విషయం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

భార్య కృపమ్మ ఇడ్లీల కంచం ముందు పెట్టింది. కొర్నేలి పక్కకు జరిపాడు.

"ఏటండీ, ఒంట్లో బాగోలేదా?"

"ఇయాల్టినుంచి పగలు ఏటీ తినను. ఎందుకని అడగొద్దు."

ఆ చివరి మాటే కొంప ముంచింది. వాళ్ళ చర్చి సంఘంలో ఉపవాసం ఉన్నవాళ్ళను కారణం అడగరు. అది మనిషికీ ప్రభువుకీ మధ్య సంగతి. అడగకుండా తోడుగా తామూ పస్తుండడం దగ్గరివాళ్ళ ధర్మం. భీమిలిలో కృపమ్మకు తల్లి నేర్పింది అదే. ఆమె ఇంకొక్క మాట మాట్లాడకుండా తన వంతు ఇడ్లీలు కూడా గిన్నెలో వేసి మూత పెట్టేసింది. కొర్నేలి చూడలేదు. బూట్లు వెతుక్కుంటున్నాడు, వాటి మీదా కోపంగానే ఉన్నాడు.

రెండు రోజులు కృపమ్మ లోలోపల నలిగింది. అంత పెద్ద మనిషి తిండి మానాడంటే ఏ ఉపద్రవం వచ్చిందో. బుధవారం పాస్టరు గారి భార్య ఫ్లోరమ్మను కలిసి, పేరు చెప్పకుండా ప్రార్థన చేయించమంది. ఫ్లోరమ్మ మాట తప్పే మనిషి కాదు. స్త్రీల ప్రార్థన కూటంలో ఆమె ఎవరి పేరూ ఎత్తలేదు. సెక్టర్ ఏడులో మూల క్వార్టరులో ఉంటూ, క్రేను నడుపుతూ, నర్సింగు చదివే కూతురున్న ఒక సహోదరుడి కోసం ప్రార్థించమని మాత్రమే అడిగింది.

శుక్రవారం ఖాళీ కడుపుతో, నిండు చిరాకుతో కొర్నేలి ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులున్నాయి. లోపల చాపలు పరిచి పాట అందుకున్నారు. ప్రార్థన అయ్యాక ఉపవాసం విడిపించే వరస మొదలైంది. ఒక్కో ఇంటివారు తెచ్చిన దాంట్లోంచి మొదటి ముద్ద ఉపవాసికే పెట్టాలి. బూరెలు వచ్చాయి, కోడి వేపుడు వచ్చింది, పులిహోర వచ్చింది, ఎవరో పవర్ హౌస్ బజారు నుంచి వేడి సమోసాలు కూడా పట్టుకొచ్చారు. వద్దంటే తెచ్చినవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. అదీగాక, తెల్లవారుజాము నుంచి ఆకలితో ఉన్న చెయ్యి ఆయన మాట వినలేదు. లోపల అందర్నీ తిట్టుకుంటూనే ఐదు బూరెలు తిన్నాడు.

ఆయన కళ్ళెర్రబడడం చూసి భారం ఇంకా దిగలేదని ఫ్లోరమ్మ గ్రహించింది. దిగేవరకూ ప్రతి సాయంత్రం కూటం పెట్టాలని నిశ్చయించింది. ఏ రోజు ఎవరి ఇంటి వంటో చర్చి నోటీసు బోర్డు మీద అంటించారు.

రెండో వారం చివర కొర్నేలి పవర్ హౌస్ బజారులో తూకం మిషను కొని, స్కూటరు షెడ్డులో దాచి, తలుపు వేసుకుని ఎక్కాడు. తొంభై ఎనిమిది. దిగి, బూట్లు విప్పి మళ్ళీ ఎక్కాడు. మిషను మాట మార్చలేదు. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని తిన్నగా కొట్టుకెళ్ళి యజమాని రమాకాంత్ మీద విరుచుకుపడ్డాడు. రమాకాంత్ గొడవ పడలేదు. దాని మీద పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టాడు, పాతిక చూపించింది. ఇంకోటి పెట్టాడు, యాభై. తనే ఎక్కి అరవై ఎనిమిదికి తలూపాడు. అప్పటికి కొట్టు ముందు పదిమంది చేరారు. వాళ్ళందరి ఎదుట కొర్నేలిని ఎక్కించాడు.

"మిషన్ సహీ ఉంది భాయ్‌సాబ్. వాపస్ తీసుకుంటా, పర్వాలేదు. కానీ వేరేదిచ్చినా ఇదే చెప్తాది."

మిషను మళ్ళీ షెడ్డుకే వచ్చింది. దాన్ని అక్కడ కూతురు జెన్నీ చూసింది. ఆ పిల్ల భిలాయిలోనే పుట్టి పెరిగింది. తండ్రిని నిలదీసి సంగతి రాబట్టింది, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది, ఆ తర్వాత మొహం మీదే కడిగేసింది.

"పగలు నువ్వు వదిలేసేది వెయ్యి కేలరీలు పప్పా. సాయంత్రం కూటంలో ఎక్కించేది రెండు వేల పైన. పైగా ఎనిమిది గంటలు క్రేనులో కూర్చునే ఉంటావు. ఇంక తగ్గేదేంటి?"

మూడు పూటలా కొలతగా తిని, రోజూ నడిచి, కూటానికి వచ్చేవాళ్ళకు నిజం చెప్పెయ్యమంది. ఇన్ని ప్రార్థనలయ్యాక ఇదంతా పొట్ట కోసమని ఏ మొహంతో చెప్పాలని కొర్నేలి కూతురి మీదే కేకలేశాడు.

మూడో వారంలో రాబర్ట్ వచ్చాడు. రాబర్ట్ కృపమ్మ తమ్ముడు, ఉండేది ఊళ్ళోనే, స్మృతి నగర్‌లో. మూడేళ్ళ కిందట జెన్నీ పుట్టినరోజు విందులో, బావ క్రేనెక్కాలంటే ముందు క్రేనుకి మెడికల్ చేయించాలని పదిమందిలో నవ్వాడు. కొర్నేలి అతన్ని సగం భోజనంలో లేపి బయటికి పంపాడు. అప్పట్నుంచీ అతను ఆ గుమ్మం తొక్కలేదు, కృపమ్మ తమ్ముణ్ణి చర్చి బయట తప్ప చూడలేదు. ఇప్పుడు బావ ఉపవాసం కబురు విని, అది తెగిపోయిన ఈ చుట్టరికం కోసమేనని రాబర్ట్ తేల్చుకున్నాడు. పెద్ద గిన్నెడు మాంసం బిర్యానీతో కూటం మధ్యలో వచ్చి నిలబడ్డాడు.

"నా నోటి దురద వల్ల నువ్వు కడుపు మాడ్చుకుంతన్నావంట బావా. నన్ను క్షమించీ."

కృపమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఫ్లోరమ్మ రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చెప్పింది. ఇక కాదనడానికి దారేది? రాబర్ట్ ముద్ద కలిపి నోట్లో పెట్టాడు. ఒక కంచం అయింది, రెండో కంచం అయింది. మూడో కంచం నింపుతూ అతను అన్నాడు.

"తిను బావా. చిక్కిపోయినావు."

కొర్నేలి కంచం నేలకేసి కొట్టాడు.

"చిక్కిపోయానా? తొంభై ఎనిమిదిరా నేను. ఈ పస్తు నా పొట్ట కోసంరా. తగ్గకపోతే క్రేను దింపీస్తారు. రోజూ తిండెట్టి తిండెట్టి మీరందరూ కలిసి నన్ను దింపీస్తన్నారు."

ఫ్లోరమ్మ నెమ్మదిగా లేచి చీర సర్దుకుంది.

"అంటే మూడు వారాలుగా మేమంతా మోకాళ్ళ మీదున్నది మీ పొట్ట కోసమా బ్రదర్?"

"మరి నేను?" అన్నాడు రాబర్ట్. "నా కోసం కాదా?"

"నీ కోసం నేనెందుకురా పస్తుంతాను?"

రాబర్ట్ గిన్నె మీద మూత పెట్టి, గిన్నెతో సహా వెళ్ళిపోయాడు. చాపలు చుట్టుకుని మిగతావాళ్ళూ వెళ్ళారు. ఎవరూ వందనాలు చెప్పలేదు.

కృపమ్మ మాత్రం గోడకానుకుని కూర్చుండిపోయింది. లేవబోతే కళ్ళు తిరిగాయి. జెన్నీకి అనుమానమొచ్చి షెడ్డులోంచి మిషను తెచ్చి తల్లిని ఎక్కించింది. యాభై ఒకటి ఉండే మనిషి నలభై ఆరుంది.

"అడగొద్దన్నారు, అడగలేదు" అంది కృపమ్మ భర్త మొహం చూడకుండా. "మీతోపాటే నేనూ పగలు మానీసాను. సాయంత్రం ఇంతమందికి వడ్డించీసరికి నాకాకలి చచ్చిపోయేది. మీకేటయిందోనని రోజూ ఏడిసాను. పొట్టా?"

ఒకే ఇంట్లో ఇద్దరు పస్తు ఉన్నారు. తగ్గాల్సినవాడు పెరిగాడు, పిసరు కూడా పోగొట్టుకోకూడని మనిషి ఐదు కిలోలు పోగొట్టుకుంది. దేవుడు ఉపవాసాన్ని అంగీకరిస్తాడంటారు. వీటిలో దేన్ని అంగీకరించాడో మనబోటి వాళ్ళకు తెలిసేది కాదు.

మర్నాటి నుంచి వంటిల్లు కృపమ్మ కోపం కింద, జెన్నీ రాసిన కాగితం కింద నడిచింది. ఉదయం ఇడ్లీలు మూడు. మధ్యాహ్నం డబ్బాలో ఒక గరిటె అన్నం, రెండు గరిటెల ఆకుకూర పప్పు, ఒక చేప ముక్క. సాయంత్రం చీకటి పడకముందే రెండు రొట్టెలు, కూర. తనకు వడ్డించుకునేటప్పుడు అదనంగా ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు. కొర్నేలి రెండోసారి కంచం చాపితే ఆమె గరిటెను గిన్నెలో పెట్టేసి అటు తిరిగిపోయేది. ప్రేమగా వడ్డించిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె చేతికి కొలత తెలియలేదు. కోపంగా వడ్డించడం మొదలుపెట్టాక ఒక మెతుకు అటూ ఇటూ కాలేదు.

మాటల్లేని ఇంట్లో కూర్చోలేక కొర్నేలి సాయంత్రాలు సెక్టర్ మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. రెండో రోజే రాబర్ట్ మోటారుసైకిలు మీద అక్కడికొచ్చాడు. సంఘమంతటి ముందు తనను వెర్రివాణ్ణి చేశాడని అతనికి కడుపు మండిపోతోంది. నిలబడి అరుచుకుంటే జనం పోగవుతారని ఇద్దరూ నడుస్తూ దెబ్బలాడుకున్నారు. నాలుగు చుట్లు తిరిగారు. చివరి మాట కొర్నేలిదైంది. దానికి జవాబు రాత్రి తట్టడంతో రాబర్ట్ మర్నాడు మళ్ళీ వచ్చాడు.

అలా రోజూ జరిగింది. పెళ్ళిలో కోటు కుట్టించిన సంగతి, మామగారి చేతిగడియారం ఎవరికి రావాలన్న సంగతి, జెన్నీకి పేరు పెట్టేటప్పుడు ఎవరిని అడగలేదన్న సంగతి, అన్నీ ఆ మైదానం చుట్టూ తిరిగాయి. కోపం ఎక్కువైతే అడుగు కూడా వేగమయ్యేది. రెండు వారాల్లో నాలుగు చుట్లు ఎనిమిదయ్యాయి, తర్వాత పన్నెండు. మొదట్లో కొర్నేలి వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగేవాడు, ఆ సందులో రాబర్ట్ దూరిపోయేవాడు. నాలుగో వారానికి ఒక్క ఊపిరిలో నాలుగు వాక్యాలు తిట్టగలిగాడు.

ఎనిమిది వారాలూ నిండిన ఉదయం షెడ్డులో మిషనెక్కితే తొంభై నాలుగు. కొర్నేలి లోపలికొచ్చి, రేపట్నుంచి టూల్ స్టోరులో ఉంటానని కృపమ్మతో చెప్పాడు. ఐదు వారాల తర్వాత ఆమె నోరు విప్పింది.

"తినీసి ఎల్లండి" అంది.

పరీక్ష గదిలోనూ తొంభై నాలుగే. కొర్నేలి దిగి, ఎవరూ చెప్పకుండానే బూట్లు వేసుకోబోయాడు. డాక్టర్ సుభాష్ ఆయన్ను వెనక్కి పిలిచి టేపు పెట్టారు. నలభై ఒకటి. బీపీ రెండుసార్లు చూశారు, రెండుసార్లూ అదుపులోనే ఉంది. కొర్నేలి తొంభై సంగతి ఎత్తగానే డాక్టరుకు కోపం వచ్చింది. ఆ అంకె తానెప్పుడు చెప్పానని గద్దించారు. తాను అడిగింది పొట్ట తగ్గమని, నడుం చుట్టూ ఉన్న కొవ్వు కరిగి కాళ్ళలో కండ పట్టిందని, తూకం మిషనుకు ఆ తేడా తెలియదని, మనిషికైనా తెలియాలి కదా అని చీవాట్లు పెడుతూనే సంతకం చేశారు. ఏడాది వరకూ క్రేను ఆయనదే. ఇంతకీ ఏం చేశావని అడిగారు.

"రోజూ గంటసేపు బామ్మర్దితో దెబ్బలాడాను సార్."

డాక్టరు కలం ఆపి ఒక క్షణం ఆలోచించి, ఏ కారణం చేతనూ మానవద్దని చెప్పారు.

కొర్నేలి కాగితం పట్టుకుని ఇల్లు చేరేసరికి గుమ్మంలో రాబర్ట్ ఉన్నాడు, పక్కన ఫ్లోరమ్మ. సహోదరులిద్దరూ రోజూ మైదానంలో అరుచుకోవడం సంఘానికే మచ్చ అని ఆమె అతనికి నచ్చజెప్పి తీసుకొచ్చింది. రాబర్ట్ చెయ్యి చాపాడు. సంతోషంలో ఉన్న కొర్నేలి చెయ్యి కూడా లేచింది.

కృపమ్మ కాగితం అందుకుని, తేదీ చదివి, ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"ఆగండి. ఇది ఏడాదికే ఇచ్చారు."

"పగ ఉంచుకోవడం పాపం కాదా అమ్మా?" అంది ఫ్లోరమ్మ.

"పాపమే అమ్మగారూ. వొచ్చే ఏడు చెకప్ అవగానే క్షమించుకుంతారు. అప్పటిదాకా మీరు దేవుడికి చెప్పి ఉంచండి."

ఆ సాయంత్రం బావాబామ్మర్దులు మళ్ళీ మైదానానికి వెళ్ళారు. పన్నెండు చుట్లకు సరిపడా తగువు ఇద్దరి దగ్గరా మిగల్లేదని తెలిసి, దెబ్బలాడుకోవాల్సిన విషయాలు కృపమ్మే కాగితం మీద రాసి పంపింది.