మూడో తరగతి పెద్దమనిషి

శ్రుతి పెద్దమనిషి అయిన సంగతి ఎవరికీ చెప్పకూడదని తల్లి పద్మజ ఆ పిల్ల చేత ఒట్టు వేయించుకుంది. నాలుగో రోజున అదే సంగతి మల్దకల్‌లో బస్సులు ఆగేచోట పన్నెండు అడుగుల ఫ్లెక్సీగా వెలసింది. మూడో తరగతి చదివే శ్రుతి ఫొటో కింద, శుభాకాంక్షలు తెలుపుతూ ఇరవై ఇద్దరు మగవాళ్లు నవ్వుతున్నారు. వాళ్లలో సగం మంది ఎవరో ఆ పిల్లకు తెలియదు.

ఎనిమిదేళ్లకే ఎందుకయిందని ఇంట్లో ఎవరూ బెంగపడలేదు. అది తన పెంపకానికి దక్కిన గౌరవమని అవ్వ జములమ్మ తీర్మానించింది. పిల్ల బక్కగా ఉంటే ఇంటి పరువు పోతుందని ఆమె నమ్మకం. అందుకే పాలల్లో మూడు చెంచాల చక్కెర, బడి వదలగానే చిప్స్, కూల్‌డ్రింకు ఏనాడూ తప్పనివ్వలేదు.

కడుపునొప్పి అంటే గద్వాల దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మకు మాత్రం సంతోషించడం చేతకాలేదు. "ఎనిమిదేండ్లకే అంటే జర తొందరనే. బరువు గూడ ఒక కారణం కావొచ్చు. వచ్చే బేస్తారం పరీక్షలకు తోల్కరాండ్రి. తీపి తగ్గియ్యుండ్రి, పిల్లను ఉరకనియ్యుండ్రి" అంది. చివరి మాట శ్రుతికి తెగ నచ్చింది. బడి ఖోఖో జట్టులో అందరికంటే నెమ్మదిగా పరుగెత్తేది తనే, అందరికంటే ముందు మైదానానికి వచ్చేదీ తనే.

సరిగ్గా ఆ బేస్తవారమే ముహూర్తం కుదిరింది. పరీక్షలు ఎప్పుడైనా చేయించవచ్చు, ముహూర్తం మళ్లీ దొరకదు. తీపి విషయంలో డాక్టరమ్మ మాటను తుచ తప్పకుండా పాటించి, తల్లి ఒక చెంచా చక్కెర తగ్గించింది. చుట్టాలకు ఆ నిబంధన వర్తించదు. పిల్లను మూల కూర్చోబెట్టి, పూటకో ఇంటివారు నువ్వుల ముద్దలు, ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం, నెయ్యి తెచ్చి తినిపించారు.

"తిను బిడ్డా, నడుం గట్టిపడ్తది" అనేది అవ్వ. బడి గంట వినబడినప్పుడల్లా శ్రుతి కిటికీ వైపు చూసేది. చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోవాలి. ఎవరికీ తరుక్కుపోలేదు.

ఫంక్షన్ నాడు మండల నాయకుడు శ్రీనాథ్ మైకు అందుకున్నాడు. "అప్పట్ల కరువుండె. ఆడపిల్లలు పదిహేనేండ్లకు పెద్దగయ్యేటోళ్లు. ఇయ్యాల మూడో తరగతిలనే అయితున్నరు. గిది అభివృద్ధి గాకపోతే ఏంది?" హాలు దద్దరిల్లింది. ఆ ఊపులో ఆయన మైకు శ్రుతి ముందు పెట్టి, "ఏం గావాల్నో అడుగు బిడ్డా" అన్నాడు.

"సార్, రేపు ఖోఖోకు పోత."

హాలంతా నవ్వింది. శ్రుతి నవ్వలేదు. ముందు వరసలో ఉన్న ఆటల సారు భానుప్రకాశ్ వైపు చూసింది. ఆయనైనా తన పక్షాన మాట్లాడతాడని ఆశ. ఆయన లేచాడు కూడా.

"పెద్దమనిషైన పిల్లను ఎండల ఉరికిస్తమా? బడి తరఫున గిదే మా కానుక. ఇయ్యాల్టి సంది శ్రుతికి ఆటలు మాఫీ!"

రుణమాఫీకి కూడా అన్ని చప్పట్లు పడి ఉండవు. శ్రుతి వెక్కివెక్కి ఏడ్చింది. ఆనందబాష్పాలనుకుని వీడియో అతను దగ్గరగా తీశాడు. మీరూ తెర మీద చూశారు కదా, భోజనాల దగ్గర మూడో బంతిలో కూర్చుని. పిల్ల ఎందుకేడుస్తోందని అడగబోయారు కూడా. ఇంతలో మటన్ వచ్చింది.