అడుగున మిగిలిన కొలాక్

రంజాన్ మాసాన, భానుడు పశ్చిమాద్రి వైపు మొగ్గుతున్న అపరాహ్ణ వేళ, జావా ద్వీపాన, మలాంగ్ నగరాన, విశ్వవిద్యాలయ ప్రాకారాన్ని ఆనుకున్న వీధిలో వార్సిని పిన్ని తన బల్ల మీద కొలాక్ గంగాళాన్ని ప్రతిష్ఠించింది. కొలాక్ అంటే కొబ్బరిపాలలో తాటిబెల్లంతో ఉడికిన అరటిపండు. ఉపవాసులు పొద్దుగూకాక తినే ఈ తీపిని ఉపవాసం లేనివాళ్లు ముందే వచ్చి కొల్లగొట్టడం అక్కడి కుర్రకారుకు కొత్త వేడుక. దానికి వాళ్లు పెట్టుకున్న పేరే యుద్ధం.

నిన్నటి యుద్ధంలో ఓడి, హాస్టల్ సఖులకు బిస్కెట్లతో ఉపవాసం విడిపించి, ఆ పరాభవాగ్నిలో పగలంతా వేగిన శుష్కకంఠి కినాంతి స్కూటర్ రథం దిగి బల్ల మీద చెయ్యి వేసింది. అదే క్షణాన మరో చెయ్యి పడింది. అది ఆమె సహపాఠిది, ఆదివార ప్రార్థనాపరాయణుడు, మధ్యాహ్నమే రెండు పళ్లాల అన్నం ఆరగించిన మహాబలుడు యోసాఫాట్‌ది. గంగాళంలో అప్పటికి మిగిలింది ఒక్క పొట్లానికే.

“ఏరా, ఉపవాసం నాదా నీదా?”

“దేవుళ్లు వేరైనా ఆకలి ఒకటే కదే.”

“మీ అమ్మ క్రిస్మస్‌కి అనాస బిస్కెట్లు చేస్తుందిగా. నువ్వు లేచేలోపు డబ్బా ఖాళీ చేసి పోతా, చూస్కో.”

“అప్పటి సంగతి అప్పుడు. ముందు చెయ్యి తియ్యి.”

వార్సిని పిన్ని గరిటె ఎత్తింది. సేనలు చేతులు వెనక్కి తీసుకున్నాయి.

“ఉండండర్రా. అడుగు చిక్కబడిందని ఇప్పుడే మరిగే పాలు పోశా. తీపి చాలిందో లేదో చూద్దామంటే నాకూ ఉపవాసమేనాయె. బాబూ, నువ్వు కాస్త రుచి చూసి చెప్పు.”

ఉపవాసం లేకపోవడమే ఆయుధంగా వచ్చిన ఆ వీరుడు గర్వంతో కినాంతి వైపు చూసి, గరిటెలోని ముక్కల్లో పెద్దదాన్ని, పొగలు కక్కుతున్నదాన్ని, అమాంతం నోట వేసుకున్నాడు.

“బాగుందా? సరే, పొట్లం ఎవరికి కట్టను? ముందు అడిగినవాళ్లకే.”

యోసాఫాట్ కళ్ల వెంట నీళ్లు కారాయి. “ఊఁ... ఊఁ...” అన్నాడు.

“నాకు పిన్నీ,” అంది కినాంతి.

దిక్కులారా, వినండి. జావా ద్వీపాన కినాంతి గెలిచింది. రబ్బరు బ్యాండు బిగించిన ఒక పొట్లం, అందులో ఐదు అరటిముక్కలు: ఇదీ ఆమె జయించిన సామ్రాజ్యం. దాన్ని ఏలడానికి హాస్టల్లో ఆరుగురు చెంచాలు పట్టుకుని అజాన్ కోసం ఎదురుచూస్తున్నారు.