పక్కనుంచి చూస్తే కనిపించకూడదు!

ల్యాప్‌టాప్ కొంటున్నారా? పక్కనుంచి చూస్తే బొమ్మ మాయమైపోయే తెరనే కొనండి! ఖరీదెంతైనా వెనకాడకండి. నిజానికి అన్నిటికన్నా చవక అదే. ఆ సంగతి మీకు తెలియనట్టే ఉండండి.

తెరల జాతులు కనిపెట్టడం ఎలా? ఎదురుగా కూర్చున్నంతసేపూ అన్నీ పెద్దమనుషులే! పక్కకి జరిగితేనే అసలు గుణం బయటపడుతుంది. తెరమీద ఓ పెళ్ళి ఫొటో పెట్టి కిందినుంచి చూసినప్పుడు పెళ్ళికొడుకు పళ్ళు నల్లగా, జుట్టు తెల్లగా కనిపిస్తే అది టీఎన్. నేలమీద పడుకుని చూసినా పెళ్ళికొడుకు పెళ్ళికొడుకులాగే ఉంటే ఐపీఎస్. నలుపు మరీ నల్లగా ఉండి, కరెంటు పోయిందేమోనని మీరు లేచి స్విచ్చులన్నీ నొక్కి వస్తే ఓఎల్ఈడీ. బొమ్మకు బదులు మీ ముఖమే కనిపిస్తే గ్లాసీ. దాని ముందు గడ్డం గీసుకోవచ్చు.

ఈ పరీక్షల కోసమే మా అల్లుడు షోరూములో మోకాళ్ళమీద కూర్చున్నాడు. చాలక బల్లకిందికి దూరాడు. అతన్ని చూసి మరో ఇద్దరు దూరారు. "ఏం పడిపోయింది సార్?" అంటూ సేల్స్‌మన్ కూడా దూరి వెతకడం మొదలుపెట్టాడు! ఆ కాసేపూ కొట్టుకి కాపలా నేనే.

నా పాత ల్యాప్‌టాప్ టీఎన్. దాని మేళ్ళు ఎన్నని చెప్పను? ఆఫీసులో మేనేజరు పక్కనుంచి వచ్చి చూస్తే, నేను మసి పట్టిన పలకవైపు దీక్షగా చూస్తున్నట్టుండేది. ధ్యానమనుకుని, పాపం, అడుగుల చప్పుడు కూడా చేయకుండా వెళ్ళిపోయేవాడు.

ఇంట్లో దాని ఉపకారం ఇంకా పెద్దది. ఇద్దరు కలిసి సినిమా చూడాలంటే చెంపకు చెంప ఆనించాల్సిందే! మా ఆవిడ ఉన్న రోజుల్లో ఎంత పోట్లాడుకున్నా సినిమా టైముకి ఒకే దిండుకి ఆనుకునేవాళ్ళం. "మీతో మాట్లాడను. కాస్త ఇటు జరగండి, హీరోయిన్ నల్లబడిపోయింది" అనేది. ఏ పెద్దమనుషుల పంచాయితీ అంత చప్పున తేలుతుంది చెప్పండి? ఆమె పోయాక ఆ చోటు మా మనవరాలు ఆక్రమించింది. దాని జుట్టు నా ముక్కులో దూరి, తుమ్ములతో సగం సినిమా నాకు అర్థమయ్యేది కాదు. ఎంత హాయి!

మా అమ్మాయికి ఈ హాయి కంటపడలేదు. "నాన్నా, ఆ బూజు తెర చూసి కళ్ళు పోగొట్టుకుంటారా?" అంది. అల్లుడు పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, బల్లకింద పాసైన ఐపీఎస్ పట్టుకొచ్చాడు.

అద్భుతమైన తెర! అమ్మాయి వంటింటి గుమ్మంలోంచి చూస్తుంది. అల్లుడు కిటికీ దగ్గర కుర్చీలోంచి చూస్తాడు. సోఫాలో నేనొక్కణ్ణే.

"రావే, బొమ్మ మొదలైంది" అని మనవరాల్ని పిలిచాను.

"ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తోందిలే తాతయ్యా" అంది, గదికి ఆ చివరినుంచి.

మర్నాడే కొత్త ల్యాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. నా పాతది నాకిచ్చేయమన్నాను.

"కొత్తదానికి ఏం కంప్లైంట్ అండీ?" అన్నాడు సేల్స్‌మన్.

"పక్కనుంచి కూడా బాగా కనిపిస్తోంది బాబూ!"

అతను వారంటీ కాగితాన్ని రెండువైపులా తిప్పి చదివాడు.

"ఇది వారంటీలోకి రాదండీ" అన్నాడు.